గంప క్రింది అతిథులు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1–6, సామెతలు 12:10, మత్తయి 23:37



ఈ నెల మీ యెదుట ఉంచదలచినది మిక్కిలి చిన్న సంగతి. కోడిపిల్లల సంగతి. సంఘ పత్రికలో కోడిపిల్లలేమిటని నవ్వుకొనువారుందురు. నేనును మొదట నవ్వినవాడనే. ఆ నవ్వును గూర్చియే ఇప్పుడు మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవి సాయంకాలమున కోటిపల్లి రేవునుండి పంటు మీద ముక్తేశ్వరము వచ్చుచుంటిని. పంటు మీద సైకిలుకు రెండు వైపుల గంపలు కట్టుకొన్న ఒక మనుష్యుడుండెను. ఆ గంపలలో రంగులు వేసిన కోడిపిల్లలు కిక్కిరిసియుండెను. ఎరుపు, పచ్చ, నీలము, గులాబి రంగులు. అవి చేయు కిచకిచలో ఏటి గాలి చప్పుడు కూడ వినబడలేదు. మన సంఘములోని ఒక తల్లి తన కుమార్తెతో అక్కడనే కూర్చుండియుండెను. ఆ పిల్ల మూడవ తరగతి చదువుచుండెను. రేవు దాటులోపల ఆమె తల్లిని బ్రతిమాలి నాలుగు పిల్లలను కొనిపించుకొని గౌను చెరగులో పెట్టుకొన్నది.

ఒడ్డునకు దిగిన తరువాత ఆ చిన్నది నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వీటికి ప్రార్థన చెయ్యరా?" అని అడిగెను. నేను నవ్వితిని. చుట్టునున్నవారును నవ్విరి. అయినను పిల్ల మనస్సు నొప్పింపకూడదని ఆ చెరగు మీద చెయ్యి చాపి, ఈ చిన్న ప్రాణములను ఈ యింటికి అప్పగించిన ప్రభువా, వీటిని కాపాడుమని రెండు మాటలు పలికితిని. అందరిలో ఆ పిల్ల ఒక్కతె నవ్వకుండ "ఆమేన్" అనెను. తరువాత నేనా సంగతి మరచిపోయితిని. ఆ పిల్ల మరచిపోలేదు.

ఆ రంగు పిల్లలు ఎక్కడనుండి వచ్చునో మనలో చాలమందికి తెలియదు. మన రాష్ట్రము కోడిగుడ్లకు పేరు పొందినది. 2023–24 లెక్కలలో దేశమందలి గుడ్లలో నూటికి సుమారు 18 మన ఆంధ్రప్రదేశ్‌వే. అనపర్తి, తణుకు ప్రాంతముల కోళ్ల ఫారములను మీలో అనేకులు చూచియుందురు. గుడ్ల కొరకు పెంచు జాతిలో పెట్టలు మాత్రమే అక్కరకు వచ్చును. పొదిగించు యంత్రములలో పుట్టు పిల్లలలో ఇంచుమించు సగము పుంజులే. అవి గుడ్డు పెట్టవు. మాంసమునకు పెంచు జాతివలె త్వరగా ఒళ్లు చేయవు. కావున పుట్టిన దినముననే వేరుచేసి, లోకమంతట కోట్ల కొలది పుంజు పిల్లలను చంపివేయుచున్నారు. జర్మనీ దేశము 2022 జనవరి 1 నుండి ఈ పనిని చట్టముచేత నిషేధించినది. మన ప్రాంతములో అట్టి పిల్లలు కొన్ని బేరగాండ్ర చేతికి వచ్చి, రంగు పూయబడి, పసిపిల్లల చేతులలోనికి చేరును. అనగా ఆ పాప చెరగులోనికి వచ్చినవి లోకము అక్కరలేదని త్రోసివేసిన ప్రాణములు.

అట్టి పిల్లను ఇంటికి తెచ్చుట సులభము; బ్రదికించుట సులభము కాదు. పెట్ట పొదిగిన పిల్లకు తల్లి రెక్క యున్నది. ఇరువదియొక్క దినములు తల్లి గుడ్లను త్రిప్పుచు కూర్చుండును. పొదుగు ముగియుచుండగా పెంకులోనుండియే పిల్ల కూయును, తల్లి బదులు పలుకును. పెంకు పగులకముందే వాటికి పరిచయమున్నది! రంగు పిల్లకు ఆ పలుకు లేదు, ఆ రెక్క లేదు. పెంకులోని పచ్చసొనలో మిగిలినది దాని కడుపులోనే యుండుటచేత రెండు మూడు దినములు మేత లేకున్నను బ్రదుకును. అందుచేతనే దానిని దూరము మోసికొనిపోవుట సాధ్యమగుచున్నది. అయితే చలిని మాత్రము అది ఓర్వలేదు. మొదటి వారమున దానికి సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. ఆ మీదట వారము వారమునకు కొంచెము కొంచెముగా తగ్గింపవచ్చును. గంప క్రింద ఊక పోసి, దాని మీద కాగితము పరచి, పైన ఒక బల్బు వేలాడదీయవలెను. పిల్లలన్నియు ఒకచోట గుమిగూడి అరచుచున్నయెడల చలి వేయుచున్నదని, దూరముగా పోయి నోళ్లు తెరచియున్నయెడల వేడి ఎక్కువైనదని గ్రహింపవలెను. నీళ్లు లోతులేని పళ్లెములో పెట్టి గులకరాళ్లు వేయవలెను, లేనిచో మునిగిపోవును. మెత్తని నూకలు చల్లవలెను. మొదటి వారములోనే కొక్కెర తెగులు రాకుండ కంటిలో చుక్కమందు వేయింపవలెను. ముట్టుకొన్న తరువాత పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగింపవలెను; 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోను పెరవలి మండలము కానూరులోను బర్డ్ ఫ్లూ బయలుపడిన సంగతి మనకు తెలిసినదే గదా.

ఇవన్నియు ఆ తల్లికి అప్పుడు తెలియవు. మొదటి రాత్రి కరెంటు పోయినది. తెల్లవారునప్పటికి ఒక పిల్ల చల్లబడియుండెను. రెండవ దానిని పెరటిలో కాకి తన్నుకొనిపోయెను. మూడవది విరేచనములు పట్టి మూలుగుచు చచ్చెను. ఆ తరువాత ఆ తల్లి ఇరుగుపొరుగువారిని అడిగి నేర్చుకొని, కరెంటు పోయిన రాత్రులలో ఇత్తడి చెంబులో వేడినీళ్లు పోసి, పాతగుడ్డ చుట్టి గంప క్రింద పెట్టుచువచ్చెను. నాలుగవది బ్రదికెను. అది గులాబి రంగు పూసిన పిల్ల. నెల తిరుగులోపల రంగుపోయి తెల్లని యీకలు వచ్చెను. పేరు మాత్రము గులాబి యనియే నిలిచెను. అది పుంజై దడి మీద ఎక్కి కూయుచు, ఆ చిన్నది బడినుండి వచ్చు వేళకు కొబ్బరితోట మలుపు వరకు ఎదురుపోవుచుండెనని విన్నాను.

ఆ సంవత్సరము కోతల పండుగకు ముందు ఆ యింట గృహ ప్రార్థన జరిగెను. వాక్యము చెప్పితిని, పాటలు పాడితిమి. కూడిక ముగిసిన తరువాత నన్ను కూర్చుండబెట్టి అరిటాకు వేసి, గారెలును కోడికూరయు వడ్డించిరి. ఆకలి మీదనున్నాను, కడుపార తింటిని. బాగున్నదమ్మా అని రెండవమారు వడ్డించుకొంటిని. "పాప యేదమ్మా?" అని అడుగగా, "దానికి ఒంట్లో కొంచెం బాలేదండి," అని తల్లి తల త్రిప్పుకొన్నది. చేయి కడుగుకొనుటకు పెరటిలోని తొట్టి యొద్దకు వెళ్లితిని. అక్కడ దీపపు వెలుతురులో తెల్లని యీకలు కనబడెను. బోర్లించిన గంప ప్రక్కను ఆ చిన్నది కూర్చుండియుండెను. ఏడ్చుట లేదు. నన్ను చూచి ఒక్క మాట అనెను:

"మీరు ప్రార్థన చేశారు కదండీ."

ప్రియులారా, ముప్పది ప్రసంగములకు చెప్పగల జవాబులు నా యొద్దనున్నవి. ఆ మాటకు జవాబు లేకపోయెను. ఆ రాత్రి ఇంటికి వచ్చి లేఖనములు తెరచితిని. తెలిసికొనినది మీతో పంచుకొందును.

మొదటి ప్రశ్న: కోడిని తినుట పాపమా? కాదని వాక్యము చెప్పుచున్నది. జలప్రళయము తరువాత దేవుడు నోవహు సంతతికి జంతువులను ఆహారముగా ఇచ్చెను (ఆదికాండము 9:3). పునరుత్థానుడైన ప్రభువు శిష్యులయెదుట కాల్చిన చేప తినెను (లూకా 24:42, 43). కావున ఎవరి మనస్సాక్షిమీదను లేని కాడి మోపను. అయితే ఆ సెలవు ఇచ్చిన చోటనే, మరుసటి వచనములోనే, దేవుడొక కంచె వేసెను: రక్తము తినరాదు. ఏలయనగా ప్రాణము ఆయనది. మనకు మాంసము ఇయ్యబడినది గాని ప్రాణము మీద యజమానత్వము ఇయ్యబడలేదు. గూటిలో పిల్లలమీద కూర్చున్న తల్లిపక్షిని విడిచిపెట్టుమని ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 22:6, 7). కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయవద్దని ఆజ్ఞ (25:4). నీనెవెను నశింపజేయకుండుటకు యోనాతో చెప్పిన కారణములలో ఆ పట్టణపు పశువులు కూడ ఉన్నవి (యోనా 4:11). నీతిమంతుని గురుతులలో తన పశువు ప్రాణమును గూర్చి ఎరిగియుండుట ఒకటియని సొలొమోను వ్రాసెను.

రెండవ ప్రశ్న: అట్లయిన ఆ పిల్ల దుఃఖము వెఱ్ఱితనమా? అనేకులు అట్లే తలంతురు. అంగడిలో బ్రాయిలరు కోడిని కిలోల లెక్కన కొని తినునప్పుడు ఎవరును ఏడ్వరు గదా. అది ఆరు వారములు మాత్రమే బ్రదికిన పిల్ల. దానికిని గులాబికిని భేదమేమి? అని అడుగుదురు. భేదము ఒక్కటే. దీనికి పేరున్నది, దానికి లేదు. ఇక్కడ ఒక నిమిషము ఆగి ఆలోచింపుడి. అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్మబడును, వాటిలో ఒక్కదానినైనను దేవుడు మరువడని ప్రభువు బోధించెను (లూకా 12:6). మనకు పేరులేనిది ఆయనకు పేరులేనిది కాదు. ఆయన అన్నిటిని చూచునట్లు ఆ పిల్ల ఒక్కదానిని చూచినది. ఆమె చూపు తప్పు కాదు. మన చూపు మొద్దుబారినది. మనము ప్రతి కోడికిని ఏడ్చుచు బ్రదుకలేము, నిజమే. అయినను మన ఏడ్వకపోవుటను జ్ఞానమని పిలువకూడదు.

మూడవ ప్రశ్న: మరి ఆ యింట జరిగిన తప్పు ఏమి? దీనియందే నేను చాల దినములు తడవులాడితిని.

నాతాను దావీదునకు చెప్పిన ఉపమానము మీకు తెలియును. బీదవాని కొక్క గొఱ్ఱెపిల్ల. అది అతని చేతి ముద్ద తిని, అతని కౌగిట పండుకొని, కుమార్తెవలె పెరిగినది. ధనవంతుని యింటికి ఒక మార్గస్థుడు రాగా, ధనవంతుడు తన మందను ముట్టక బీదవాని పిల్లను పట్టి వండించెను. ఈ భాగము మీద నేను ఎన్నియో మారులు ప్రసంగించితిని. ధనవంతుని గద్దించితిని, బీదవానికొరకు జాలిపడితిని. ఆ భోజనము తిన్న మార్గస్థుని గూర్చి ఒకనాడును తలంపలేదు. అతని పేరు లేఖనములో లేదు. ఆ రాత్రి ఆ ఖాళీ చోటులో నా పేరు కనబడెను.

అయితే వెంటనే వేరొక భాగము జ్ఞాపకమునకు వచ్చెను. సారెపతులోని విధవరాలి యొద్ద మిగిలినది ఒక పిడికెడు పిండి. అది తిని తానును కుమారుడును చనిపోవలెనని యున్నది. ఏలీయా ఆ పిండిలోనే ముందుగా తనకొక చిన్న అప్పము చేయుమని అడిగెను (1 రాజులు 17). ఇది బీదవారి నోటి ముద్ద తీసికొనుట కాదా? కాదని వాక్యము చూపుచున్నది. ఆమె ఇచ్చెను, ఆ యిల్లు ఆశీర్వదింపబడెను. మరి ఈ రెండింటికి భేదమేమి? బీదవాడు ఇచ్చుటలో తప్పు లేదు. అతిథి పుచ్చుకొనుటలోను తప్పు లేదు. నాతాను ఉపమానములో ధనవంతుడు తనది కానిదానిని ఇచ్చెను. సారెపతులో విధవరాలు తనదానిని ఇచ్చెను. అరౌనా కళ్లమును ఊరక ఇత్తుననగా దావీదు ఒప్పుకొనలేదు. తనకు వెల పడని దానిని దేవునికి అర్పింపనని చెప్పి వెల ఇచ్చి కొనెను (2 సమూయేలు 24:24).

ఇప్పుడు ఆ యింటిని చూడుడి. తలిదండ్రులు తమ పాదిరికి ప్రేమతో వడ్డించిరి. వారి ప్రేమను శంకింపను. అయితే ఆ విందుకు వెల చెల్లించినది ఎవరు? ఆ చిన్నది. కాకి తన్నుకొనిపోవునని కావలి కాసినది ఆమె. తన పళ్లెములోని మెతుకు పెట్టినది ఆమె. ఆమెను అడుగలేదు. బడికి వెళ్లిన వేళ చూచి కోసిరి. పెద్దవారు పిల్లలదానిని ఇచ్చి ఔదార్యమనుకొనుట మన యిండ్లలో సాధారణము. పిల్లకు యాజమాన్యమేమిటి, కోడికి నూకలు కొన్నది మేమే గదా అందుము. మనలను సృజించి పోషించు దేవుడు మనతో అట్లు మాటలాడినయెడల మన గతి ఏమగును?

మరియొక మాట. ఇంటికి తెచ్చినప్పుడు ఏమి నిమిత్తము తెచ్చుచున్నామో ఆ మాట ఇంటివారందరితో నిజముగా చెప్పవలెను. కూరకొరకు పెంచునది కూరకొరకని, అమ్మకమునకు పెంచునది అమ్మకమునకని ముందే చెప్పినయెడల పిల్లలు దుఃఖపడినను మోసపోరు. బీదయింటి కోడి ఆ యింటి బ్యాంకు. బడి రుసుము కట్టుటకు అమ్మవలసి వచ్చును, వైద్యునికి ఇయ్యవలసి వచ్చును. అందులో సిగ్గులేదు. ఆడుకొనుటకని ఇచ్చి, పేరు పెట్టనిచ్చి, కౌగిట పెంచనిచ్చి, ఒకనాడు పిల్లి పట్టుకొనిపోయినదని అబద్ధమాడుటలో సిగ్గున్నది. ఆ అబద్ధముతో పిల్ల పోగొట్టుకొనునది కోడిని మాత్రమే కాదు.

కోనసీమవారమైన మనము దీనితోకూడ వినవలసిన మాట ఇంకొకటి యున్నది. సంక్రాంతి వచ్చునప్పటికి కొందరు పుంజులకు బాదములు మేపి, ఈత కొట్టించి, బిడ్డలకంటె గారాబముగా పెంచి, కాలికి కత్తి కట్టి బరిలో విడుతురు. ఆహారముకొరకు ప్రాణము తీయుటకు దేవుడు సెలవిచ్చెను; వినోదముకొరకు ఇయ్యలేదు. 1960 సంవత్సరపు జంతుహింస నివారణ చట్టమును 1974 నాటి జూద నిషేధ చట్టమును దీనిని నేరమనుచున్నవి. చట్టము సంగతి అటుండనిండు. సంఘస్థుడు బరి యొద్ద నిలుచుండి ఆదివారమున బల్ల యొద్ద నిలుచుండుట యెట్లు?

ఆ రాత్రి తరువాత నేనొక తొందరపాటు పని చేసితిని. ఇకమీదట నాకొరకు ఏ యింటను కోడి కోయవద్దని గుడిలో ప్రకటించితిని. కూడిక ముగిసిన తరువాత పేటలోని ఒక ముసలమ్మ నన్ను ఆపెను.

"అయ్యగారూ, మా తాతల కాలంలో మా గుమ్మంలో మంచినీళ్లు పుచ్చుకున్న పెద్దమనిషి లేడు. మా ఇంట్లో కూర్చుని, మా చేతి కూడు తిన్న మొదటి పెద్దమనిషి పాదిరిగారే. ఇప్పుడు మీరే వద్దంటే మేం ఏమనుకోవాలి?"

నేను తలవంచుకొంటిని. ఆమె చెప్పినది సువార్త చరిత్ర. నర్సాపురము చేరిన మిషనరీల నాటినుండి ఈ డెల్టాలో సువార్త వ్యాపించుటలో, ప్రసంగములతోపాటు ప్రక్క ప్రక్కను కూర్చుండి తిన్న భోజనములకును పాలున్నది. ఒక కోడిని కాపాడబోయి ఒక యింటి గౌరవమును త్రోసివేయుచుంటిని. కావున నా ప్రకటనను సవరించుకొంటిని. మీరు పెట్టునది తిందును. గంజియైనను, పచ్చడి మెతుకులైనను, కోడియైనను తిందును. ఒక్క మాట మాత్రము అడుగుదును: ఇది ఎవరిది? ఇంట పిల్లలు పెంచుకొన్నదైతే వారిని అడిగితిరా? ఈ ప్రశ్న మూలముగా కొన్ని యిండ్లలో నవ్వులు పుట్టినవి. ఒకటి రెండు ఇండ్లలో కోళ్లు బ్రదికినవి.

ఆ చిన్నదాని యొద్దకును వెళ్లితిని. తండ్రి, తల్లి, అవ్వ చూచుచుండగా, "అమ్మా, నేను చేసిన ప్రార్థనను నేనే మరచిపోయాను. నన్ను క్షమించు," అని చెప్పితిని. పెద్దవారు, "అయ్యో, చిన్నపిల్లకు క్షమాపణ ఏమిటండీ," అని కంగారుపడిరి. ఆ పిల్ల మాటలాడలేదు. ఆ దినమున క్షమించెనని నేను అనుకొనను. క్షమించవలెనని తొందరపెట్టుట నా పని కాదు.

మరుసటి వేసవిలో ఆ యింట నాటు పెట్టను పొదుగు పెట్టిరి. ఎనిమిది పిల్లలు లేచినవి. నేను వెళ్లునప్పటికి గద్ద నీడ ముంగిట పడెను. పెట్ట గొంతు మార్చి ఒక్క కూత కూసెను. ఎనిమిదియు పరుగెత్తి రెక్కల క్రింద దూరినవి. పెట్ట ఒళ్లంత ఉబ్బించుకొని నేలకు అణగి, ఆకాశము వైపు ఒంటి కన్నుతో చూచుచుండెను. దానికి గద్దను చంపు శక్తి లేదు. తన దేహమును పిల్లలకు గద్దకు మధ్యను పెట్టు శక్తి మాత్రమున్నది. యెరూషలేమును చూచి ప్రభువు తన్ను పోల్చుకొనినది దీనితోనే. ఆకాశమునేలు పక్షిరాజుతో ఆ దినమున పోల్చుకొనలేదు. పెరటి పెట్టతో పోల్చుకొనెను. పిల్లలు రానొల్లకపోయిరి. రెక్కలు మాత్రము సిలువమీద చాపబడియుండెను. ఒక కోడిపిల్లను ఇంటికి తెచ్చు ప్రతివాడును, ఎరిగియో ఎరుగకయో, ఆ రెక్క చేయు పనిని తన చేతిలోనికి తీసికొనుచున్నాడు. చేయగలిగిననే తెచ్చుకొనుడి. చేయలేనిచో ఆ రంగుల గంప యొద్ద పిల్లను బుజ్జగించి ముందుకు సాగుటయే దయ.

ఆ దినమున నేను బయలుదేరుచుండగా ఆ యింటి తండ్రి గంప ఎత్తి చూపించి, "అయ్యగారూ, ఏడు మావి. ఆ నల్లమచ్చది పాపది. దాన్ని అమ్మాలన్నా కొయ్యాలన్నా ఇక పాపనే అడగాలి," అనెను. ఆ పిల్ల నల్లమచ్చదానిని రెండు చేతులలోనికి తీసికొని నా యొద్దకు వచ్చి నిలువబడెను. ఏమియు అడుగలేదు. నేను చెయ్యి చాపి ప్రార్థించితిని. ఈసారి ఎవరును నవ్వలేదు, నేనును నవ్వలేదు.

ప్రార్థన: సమస్త ప్రాణులకు జీవమిచ్చిన తండ్రీ, మా చేతుల క్రిందికి వచ్చిన అల్పమైన ప్రాణములయెడల మమ్మును నమ్మకస్థులనుగా చేయుము. మాది కానిదానిని ఇచ్చి మేలుచేసితిమని అనుకొనకుండ మమ్మును కాపాడుము. మా పిల్లల కన్నీళ్లను చిన్నచూపు చూడనియ్యకుము. మేము పెదవులతో పలికిన ప్రార్థనలను మరువకుండ మాకు జ్ఞాపకశక్తి నిమ్ము. నీ రెక్కల క్రింద మమ్మును చేర్చుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.